దూరం పెరిగింది, టైము తగ్గింది

2016 అక్టోబరు 16, ఆదివారం. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే ఎయిర్ ఇండియా విమానం ఆ రోజు దారి మార్చింది. 2015 డిసెంబరులో ఈ సర్వీసు మొదలైన దగ్గర్నుంచీ అది పడమటికి తిరిగి, యూరప్ దాటి, అట్లాంటిక్ మీదుగా అమెరికా చేరేది. ఆ దారి పొడవు దాదాపు 13,900 కిలోమీటర్లు. ఆ ఆదివారం మాత్రం తూర్పుకు తిరిగి, పసిఫిక్ మహాసముద్రం మీదుగా వెళ్ళింది. ఈ దారి సుమారు 15,300 కిలోమీటర్లు. అంటే పద్నాలుగు వందల కిలోమీటర్లు అదనం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానం తిరిగే దూరం కంటే ఎక్కువే. అయినా పద్నాలుగున్నర గంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిపోయింది. పాత దారితో పోలిస్తే దాదాపు రెండు గంటలు కలిసొచ్చాయి.

చుట్టుదారిలో పోయినవాడు ముందు చేరడం రోడ్డు మీద కూడా అప్పుడప్పుడూ జరుగుతుంది, ట్రాఫిక్ పుణ్యమా అని. ఆకాశంలో ఏ ట్రాఫిక్ ఉందని? ఇంజన్లు అవే, వేగం అదే. మరి ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ముందు దూరం సంగతి తేల్చుకుందాం. పసిఫిక్ నడుమకు వచ్చేలా గీసిన గోడ పటం మీద ఢిల్లీకీ శాన్‌ఫ్రాన్సిస్కోకీ మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే అది చైనా, జపాన్, పసిఫిక్ మీదుగా అడ్డంగా పోతుంది. ఇదే దగ్గరి దారి అనిపిస్తుంది. కానీ గుండ్రటి భూమిని చదును చేసి కాగితం మీద పరిచినప్పుడు ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలో ఆ సాగదీత అంతా ధ్రువాల వైపు జరిగింది. అందుకే గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది; నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగింతలు. ఓడ నడిపేవాడికి దిక్సూచి కోణం మార్చకుండా పోవడానికి ఆ పటం బాగా పనికొచ్చింది. దూరాలు చూసుకోవాలంటే మాత్రం గ్లోబు దగ్గరికే పోవాలి.

పిల్లల గ్లోబు తీసుకుని, ఢిల్లీ మీద దారం ఒక కొస, శాన్‌ఫ్రాన్సిస్కో మీద రెండో కొస పట్టుకుని బిగించి లాగండి. దారం తూర్పుకూ పోదు, పడమటికీ పోదు, ఉత్తరానికి ఎక్కేస్తుంది. హిమాలయాలు, టిబెట్ పడమటి అంచు, షిన్‌జియాంగ్, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రంలో 75 డిగ్రీల అక్షాంశం పైదాకా పోయి, అలాస్కా ఉత్తర కొసను తాకి, కెనడా పడమటి తీరం పక్కనుంచి కాలిఫోర్నియాలోకి దిగుతుంది. ఈ గీత పేరు మహావృత్తం. గోళం మీద రెండు చోట్ల మధ్య ఇంతకంటే పొట్టి దారి ఉండదు. దీని పొడవు సుమారు 12,400 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి అయితే ఇదే లెక్క 13,540 దాకా వస్తుంది.

ఫోనులో రెండు ఊళ్ళ పేర్లు కొట్టగానే కనిపించే దూరం సాధారణంగా ఈ మహావృత్తానిదే. దాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగిస్తే హైదరాబాద్ నుంచి పదిహేను గంటలని వస్తుంది. కూడికలు, భాగహారాలూ తప్పు పోలేదు. కాకపోతే ఆ గీత మీద ఆ టైములో ఎగిరే విమానం లేదు. మన వాళ్ళలో చాలామంది దుబాయ్‌లోనో దోహాలోనో దిగి మరో విమానం ఎక్కుతారు. దుబాయ్ మీదుగా రెండు మహావృత్తాలు కలిపితే దాదాపు 15,570 కిలోమీటర్లు. వెనక్కి పోయి ముందుకు పోతున్నట్టు అనిపించినా, పెరిగే దూరం రెండు వేల కిలోమీటర్లే. దుబాయ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారం బిగిస్తే అది ఉత్తర ధ్రువానికి కూతవేటు దూరంలో పోతుంది. రెండు ఊళ్ళూ భూగోళానికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి మరి. విమానాశ్రయం కుర్చీల్లో గడిపే గంటల సంగతి వేరే.

సరే, ఢిల్లీ నుంచి ఆ 12,400 కిలోమీటర్ల దారినే నేరుగా ఎందుకు పట్టుకోరు? మొదటి అడ్డంకి టేకాఫ్ అయిన గంటలోపే వస్తుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు నాలుగున్నర వేల మీటర్లు. విమానం దానికి రెట్టింపు ఎత్తులో పోతుంది కాబట్టి కొండలకు తగులుతుందన్న భయం లేదు. భయం గాలి గురించి. క్యాబిన్‌లో గాలి పీడనం ఉన్నట్టుండి పడిపోతే పైలట్ వెంటనే పదివేల అడుగులకు, అంటే మూడు వేల మీటర్లకు దిగాలి. అక్కడైతే మాస్కు లేకుండా ఊపిరి తీసుకోవచ్చు. తల మీద నుంచి ఊడిపడే ఆ పసుపు మాస్కుల్లో ప్రాణవాయువు చాలా విమానాల్లో పావుగంటా ఇరవై నిమిషాలకే సరిపోతుంది. టిబెట్ మీద మూడు వేల మీటర్లకు దిగుదామంటే అక్కడ ఉండేది ఆకాశం కాదు, రాయి. పీఠభూమి అంచు చేరేసరికి పావుగంట ఎప్పుడో దాటిపోతుంది. అందుకే అదనపు ఆక్సిజన్, ముందే ఖరారు చేసుకున్న తప్పించుకునే దారులు ఉంటే తప్ప అటు పోరు. మిగతా విమానాలు ఆ పీఠభూమిని కుడివైపో ఎడమవైపో వదిలి చుట్టూ తిరుగుతాయి.

అలా ఢిల్లీకి రెండు దారులు మిగిలాయి, తూర్పు ఒకటి, పడమర ఒకటి. వీటిలో ఏది మంచిదో నేల చెప్పలేదు. గాలి చెబుతుంది.

విమానం వేగం అని మనం అనేది గాలితో పోలిస్తే దాని వేగం. బోయింగ్ 777 ధ్వని వేగంలో 84 శాతంతో పోతుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తున చలి మైనస్ 56 డిగ్రీలు. ఆ చలిలో ధ్వని గంటకు 1,060 కిలోమీటర్లే నడుస్తుంది కాబట్టి విమానానిది సుమారు 890. ఆ గాలే కదులుతుంటే? పాపికొండలకు ఎగువకు పోయే లాంచికీ, దిగువకు తిరిగొచ్చే లాంచికీ ఇంజను ఒకటే. నీళ్ళ మీద దాని వేగం కూడా ఒకటే. రేవుల మధ్య పట్టే టైమును గోదావరి నిర్ణయిస్తుంది. ఆకాశంలో అలాంటి ప్రవాహాలే జెట్ స్ట్రీములు. నేలకు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పున, పడమటి నుంచి తూర్పుకు మెలికలు తిరుగుతూ పారతాయి.

పసిఫిక్ దారిలో 15,300 కిలోమీటర్లను 14.5 గంటలతో భాగించి చూడండి. గంటకు 1,055 వస్తుంది. ప్రయాణికుల విమానం తనంత తాను ఆ వేగంతో పోలేదు. గాలి కదలకుండా ఉంటే ఆ దారికి పదిహేడు గంటలు పట్టాలి. గాలి వెనుక నుంచి తోసి రెండున్నర గంటలు మిగిల్చింది. పాత అట్లాంటిక్ దారిలో కదలని గాలిలో పదిహేనున్నర గంటల పని. ఎదురుగాలి దాన్ని పదహారు గంటలు దాటించింది. 777 లాంటి విమానం గంటకు దాదాపు 9,000 లీటర్ల ఇంధనం తాగుతుంది కాబట్టి రెండు గంటలంటే కంపెనీ ఖాతాలో చిన్న మొత్తం కాదు. పైగా దూర ప్రయాణాల్లో ఇంధనాన్ని మోయడానికే ఇంధనం ఖర్చవుతుంది. ఈ దారిలో తిరిగిన 777-200ఎల్ఆర్ గరిష్ఠ టేకాఫ్ బరువు 347 టన్నులు. మామూలు ట్యాంకులు పూర్తిగా నింపితే అందులో 145 టన్నులు ఇంధనమే. మనుషులూ పెట్టెలూ అన్నీ కలిపినా దాని ముందు తేలిపోతాయి.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, విమానం పైకి లేచి ఊరికే ఆగితే అమెరికాయే కిందకు వచ్చేయదా అని. రాదు. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, దాని మీది గాలీ, అందులోని విమానమూ కూడా అదే వేగంతో తిరుగుతున్నాయి. భ్రమణం వల్ల నేరుగా ఏ దిక్కుకూ లాభం లేదు, నష్టం లేదు. దొడ్డిదారిన మాత్రం ఉంది. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి ధ్రువాల వైపు పోతుంది. అక్కడ భూమి చుట్టుకొలత తగ్గుతుంది కాబట్టి, తన వెంట తెచ్చుకున్న తూర్పు వేగంతో ఆ గాలి కింది నేల కంటే ముందుకు దూసుకుపోతుంది. దానికి తోడు ఉష్ణమండలపు వేడికీ ధ్రువపు చలికీ మధ్య తేడా ఎంత ఎక్కువైతే ఈ ప్రవాహం అంత ఉధృతం. అందుకే చలికాలంలో జెట్ స్ట్రీములు బలుస్తాయి, దక్షిణానికి దిగుతాయి. శీతాకాలంలో ఒక పాయ హిమాలయాలకు దక్షిణంగా, ఉత్తర భారతం మీదుగా పోతుంది. జపాన్ మీదకు చేరేసరికి అది ప్రపంచంలోనే అత్యంత బలమైన గాలుల్లో ఒకటి. గంటకు 300 కిలోమీటర్లు దాటిన రోజులూ ఉంటాయి. ఢిల్లీ నుంచి తూర్పుకు పోయే విమానం పట్టుకునేది ఈ ప్రవాహాన్నే.

దీన్ని కనిపెట్టిన కథ నాకు చాలా ఇష్టం. 1920లలో జపాన్‌లోని తతెనో పరిశోధన కేంద్రంలో వసాబురో ఓయిషి అనే శాస్త్రవేత్త చిన్న చిన్న బెలూన్లు వదిలి, దుర్భిణితో వాటి కదలికలు కొలిచాడు. పైన గాలి అంత వేగంగా పోతుందని ఎవరూ అనుకోలేదు. ఫలితాలు ప్రపంచమంతా చదవాలన్న ఆశతో ఆయన 1926లో నివేదికను ఎస్పరాంటోలో అచ్చువేశాడు. ప్రపంచానికి ఉమ్మడి భాష కావాలని తయారుచేసిన భాష అది. ప్రపంచంలో దాదాపు ఎవరూ చదవలేదు. 1944 చివర్లో అమెరికా బి-29 బాంబర్లు టోక్యో మీద తొమ్మిది కిలోమీటర్ల ఎత్తుకు వచ్చి, గాలి తోపుడుకు గురి తప్పి తెల్లబోయాయి. సరిగ్గా ఆ నెలల్లోనే జపాన్ అదే గాలిని నమ్ముకుని తొమ్మిది వేలకు పైగా బాంబు బెలూన్లను పసిఫిక్ మీదుగా అమెరికాకు వదిలింది. ఇంజను లేని ఆ కాగితపు బెలూన్లు మూడు నాలుగు రోజుల్లో సముద్రం దాటాయి. చదవని నివేదిక ఖరీదు అలా తెలిసింది.

జెట్ స్ట్రీముల చరిత్రలో మన మనిషీ ఒకరున్నారు. భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన పంచేటి కోటేశ్వరం 1958లో ఉష్ణమండల తూర్పు జెట్ స్ట్రీము గురించి ప్రకటించారు. వానాకాలంలో దక్షిణ భారతం మీద, సుమారు పద్నాలుగు పదిహేను కిలోమీటర్ల ఎత్తున, గాలి తిరగబడి తూర్పు నుంచి పడమటికి, ఆఫ్రికా వైపు పారుతుంది. విమానాలు ఎక్కువగా అంతకంటే కిందనే ఎగురుతాయి కాబట్టి ప్రయాణాల లెక్కల్లో దీని పాత్ర చిన్నది. రుతుపవనాల లెక్కల్లో మాత్రం పెద్దది.

గాలి ఏ మేరకు సాయం చేయగలదో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 2005 నవంబరులో బోయింగ్ ఒక 777-200ఎల్ఆర్‌ను హాంకాంగ్ నుంచి లండన్‌కు నడిపింది. దగ్గరి దారి పడమటికి, పది వేల కిలోమీటర్ల లోపే. రికార్డు కోసం ఆ విమానం తూర్పుకు తిరిగి పసిఫిక్, అమెరికా, అట్లాంటిక్ అన్నీ దాటి 21,602 కిలోమీటర్లు ఎగిరింది. ఎక్కడా దిగకుండా 22 గంటల 42 నిమిషాలు. దారి పొడవునా వెనుకగాలిని వెదుక్కుంటూ పోయిందన్నమాట. రెండోది 2020 ఫిబ్రవరి 9 తెల్లవారుజామున జరిగింది. తుపాను వల్ల బలిసిన జెట్ స్ట్రీములో పడి ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలతో పోలిస్తే ఒక దశలో దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని వేగాన్ని మించిందా అంటే లేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం ఎప్పటిదే. కాఫీ కూడా ఒలికి ఉండదు అనబోయాను కానీ, అంత గాలిలో కుదుపులు తప్పవు.

పోయేటప్పుడు గాలి ఇచ్చింది వచ్చేటప్పుడు తీసుకుంటుంది, మొత్తానికి చెల్లుకు చెల్లు అనుకోవడం సహజం. లెక్క వేస్తే అలా రాదు. 13,500 కిలోమీటర్ల దారి, 900 వేగం, గాలి లేదు అనుకుందాం. రానూపోనూ ముప్పై గంటలు. ఇప్పుడు గంటకు 100 కిలోమీటర్ల గాలి పెట్టండి. వెనుకగాలితో పదమూడున్నర గంటలు, ఎదురుగాలితో పదహారు గంటల 52 నిమిషాలు. మొత్తం ముప్పై గంటల 22 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం, అందుకే అది తీసుకునేది ఎప్పుడూ ఎక్కువ. ఈ నష్టాన్ని తప్పించుకోవాలంటే పోయిన దారిన తిరిగి రాకూడదు. ఎయిర్ ఇండియా చేసింది అదే. 2016 తర్వాత ఢిల్లీ నుంచి తూర్పుకు, పసిఫిక్ మీదుగా వెళ్ళేది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కూడా తూర్పుకే, అట్లాంటిక్ మీదుగా తిరిగొచ్చేది. రెండువైపులా టికెట్ కొన్న మనిషి తెలియకుండానే భూప్రదక్షిణం చేసేవాడు.

ఆ ప్రదక్షిణంలో వారాలు కూడా తిరగబడతాయి. తెల్లవారుజామున నాలుగింటికి ఢిల్లీలో ఆదివారం విమానం ఎక్కినవాళ్ళకు పగలు చకచకా గడిచి, జపాన్ దాటాక సాయంత్రం ముగుస్తుంది. పసిఫిక్ మధ్యలో అంతర్జాతీయ తేదీ రేఖ దాటగానే స్థానిక కాలం ప్రకారం శనివారం రాత్రి. అర్ధరాత్రి దాటి మళ్ళీ ఆదివారం. దిగేసరికి కాలిఫోర్నియాలో అదే ఆదివారం ఉదయం ఆరు, ఆరున్నర. గడియారం ప్రకారం ప్రయాణం రెండు గంటలే. ఒంటికి తెలిసిన పద్నాలుగున్నర గంటలను మాత్రం ఏ రేఖా చెరపలేదు.

ఉత్తరానికి దారం బిగించి చూపిన దారి కూడా పూర్తిగా కలగానే మిగల్లేదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు మొదటి నేరు విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే: కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. సుమారు 16,000 కిలోమీటర్లు, దాదాపు 17 గంటలు. ధ్రువం దగ్గర కష్టాలు వేరు. అయస్కాంత దిక్సూచి పనికిరాదు. విమానాల్లో వాడే జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, బయట చలి అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. రెక్కల్లోని ట్యాంకులు మరీ చల్లబడుతుంటే పైలట్ వెచ్చటి గాలి కోసం కిందికి దిగుతాడు, లేదా వేగం పెంచి గాలి రాపిడితో రెక్కను వేడెక్కిస్తాడు.

అన్నిటికంటే పెద్ద షరతు ఇంజన్లది. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగిపోతే, రెండో దానితో నిర్ణీత సమయంలో చేరగలిగే విమానాశ్రయం దారి పొడవునా ఎక్కడో ఒకటి ఉండి తీరాలి. ఒకప్పుడు ఆ గడువు అరవై నిమిషాలే. 1985లో అట్లాంటిక్ మీద రెండు గంటలకు పెంచారు. తర్వాత విమానాన్ని బట్టి ఆరు గంటలకు పైగా కూడా ఇచ్చారు. ఆ నిబంధన అవసరం 2023 జూన్ 6న మన వాళ్ళకే తెలిసొచ్చింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానం ఒక ఇంజన్‌లో లోపంతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు మరో విమానం వచ్చేదాకా ఆ చిన్న పట్టణంలో ఉండిపోయారు. మగదాన్ ఎక్కడుందో పటంలో చూస్తే, ఆ రోజు గాలి, ఆకాశపు అనుమతులు కలిసి విమానాన్ని ఎంత ఉత్తరానికి తీసుకుపోయాయో తెలుస్తుంది.

దారి ఏ రోజుకారోజు మారుతుంది. లండన్, వాషింగ్టన్‌లలోని రెండు కేంద్రాలు ప్రపంచం మొత్తానికి పై గాలుల అంచనాలు ఇస్తాయి. వాటిని చూసి విమానం కదలక ముందే కొన్ని దారులు లెక్కగట్టి, అన్నిటికంటే తక్కువ ఖర్చుదాన్ని ఎంచుకుంటారు. ఉత్తర అట్లాంటిక్ మీదైతే గాలిని బట్టి దారుల పట్టికనే రోజుకు రెండుసార్లు కొత్తగా ప్రకటిస్తారు. టికెట్ మీద అచ్చయ్యే టైము వీటన్నిటికీ ఒక సగటు. గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా లెక్కపెట్టి, రన్‌వే దగ్గర క్యూకు, గాలి మొండికేసిన రోజుకు కాస్త అదనం కలుపుతారు. అరగంట ముందే దిగామని పైలట్ గొప్పగా ప్రకటించినప్పుడు సగం గొప్ప ఆ అదనానిదే.

గాలి కాక టైమును మార్చేది సరిహద్దు. 2019 ఫిబ్రవరి 27 నుంచి జులై 16 దాకా పాకిస్తాన్ గగనతలం మూతపడినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి పోయే విమానాలన్నీ గుజరాత్, అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగాయి. 2022 నుంచి రష్యా ఆకాశం అమెరికా, యూరప్ కంపెనీలకు బందయింది. మన కంపెనీలకు తెరిచే ఉంది కాబట్టి ఈ ఒక్క విషయంలో వాళ్ళ కంటే మనది దగ్గరి దారి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మళ్ళీ మూసింది. ఈసారి అమెరికా వెళ్ళే కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు ఇంధనం కోసం వియన్నాలో దిగాల్సి వచ్చింది. ఆధునికీకరణకు వెళ్ళిన విమానాల కొరత కూడా తోడై, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ నేరు సర్వీసును ఆపేశారు. ఆ టికెట్లు కొన్నవాళ్ళకు కంపెనీ చూపించిన దారి న్యూయార్క్‌లోనో షికాగోలోనో శాన్‌ఫ్రాన్సిస్కోలోనో దిగి, అక్కడ మరో విమానం ఎక్కడం.